ఖాళీ సీటు

మా అమ్మాయి విమానం అద్దెకు తీసుకుందంటే మా చుట్టాల్లో సగంమంది నమ్మలేదు. నమ్మిన సగం అందులో భోజనం పెడతారా అని అడిగారు. అది నాలుగు సీట్ల విమానం. ముందొక ప్రొపెల్లరు, నెత్తి మీద రెక్కలు. తలుపు గట్టిగా వేస్తే ఊడొస్తుందేమోనని భయం, మెల్లగా వేస్తే పడదు. మేముండే టౌరంగాలో మా అమ్మాయి విమానం నడపడం నేర్చుకున్న క్లబ్బువాళ్లే, లైసెన్సు వచ్చిన సభ్యులకు అద్దెకిస్తారు. ఇంజను తిరిగిన గంటలకే అద్దె. మా వైపు దుక్కికి ట్రాక్టరు మాట్లాడుకున్నట్టే. కాకపోతే ట్రాక్టరువాడు డ్రైవర్ని కూడా పంపిస్తాడు.

వారం రోజుల ప్రయాణం. టౌరంగా నుంచి సముద్రం దాటి దక్షిణ దీవికి, అక్కడ వానాకా దాకా వెళ్లి తిరిగి రావాలి. అమ్మాయి లెక్క ప్రకారం అది దూర ప్రయాణాల అనుభవం కోసం. నేను వెళ్లింది మాత్రం దానికోసం కాదు.

మా అమ్మాయి ఇంజనీరింగు సగంలో ఆపేసింది. ఒక్క ఏడాది విమానం నేర్చుకుంటాను, తరవాత మళ్లీ కాలేజీకి వెళతాను అని మాకు మాటిచ్చింది. ఆ ఏడాది అయిపోవచ్చింది. హామిల్టన్‌లో దాని సీటు అలాగే ఉంది. చేరేదీ లేనిదీ ఆ నెలలోనే చెప్పాలి. అమ్మాయి ఆ ఊసే ఎత్తడం లేదు. మా ఆయనేమో రాత్రుళ్లు నిద్రపట్టక ఫ్రిజ్ తలుపు తీసి నిలబడుతున్నారు.

"వారం రోజులు పక్కనే కూర్చుంటావు. పైన లేచి గదిలోకి పోయి తలుపేసుకోలేదు కదా. నెమ్మదిగా అడుగు. నేనడిగితే గొడవవుతుంది. నువ్వడిగితే కాదనదు," అన్నారు మా ఆయన. ఆయన రాలేరు. మేడ మీద నుంచి పెరట్లోకి తొంగిచూస్తేనే ఆయనకు కళ్లు తిరుగుతాయి.

సరే అడుగుతానన్నాను. ఎవరేం అడిగినా సరే అనడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. నేను హాస్పిటల్ ల్యాబులో పనిచేస్తాను. మనిషి చెప్పింది కాదు, మిషను చూపించిందే నమ్ముతానని అక్కడ గొప్పలు చెప్పుకుంటాను. ఇంటి దగ్గరా, మనవాళ్ల మధ్యా మాత్రం నేను ఉత్త మొహమాటాల పుట్టని.

ఇంట్లో మా అమ్మాయి నాతో మాట్లాడేది తక్కువ. అదీ తలుపు అవతల నుంచి. నేను తెలుగులో అడుగుతాను, అది ఇంగ్లీషులో బదులిస్తుంది. పుట్టినప్పటి నుంచీ అంతే. విమానంలో ఆ ఇంజను హోరుకి ఇద్దరం చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకులో మాట్లాడుకోవాలి. అందువల్ల దాని గొంతు నేరుగా నా చెవిలోకొచ్చేది. టౌపో సరస్సు మీద నుంచి వెళుతుంటే చిన్నప్పుడు తను స్కూల్లో ఏడ్చిన సంగతులు చెప్పింది. నాకు తెలియని స్నేహితురాళ్ల గురించి చెప్పింది. మేఘం పక్కగా వెళుతున్నప్పుడు కొంచెం కుదుపులు వస్తాయి, చెయ్యి పట్టుకో అంది. ఇరవై ఏళ్లు దాటిన పిల్ల చెయ్యి పట్టుకొమ్మని చివరిసారి ఎప్పుడు అడిగిందో నాకు గుర్తు లేదు. పొద్దున కాఫీ తాగకుండా బయల్దేరినందుకు నా తల పగిలిపోతున్నా, ఆ పూట నాకు మహా సంతోషంగా ఉంది. కాఫీ ఎందుకు మానేశానంటే, ఆ విమానంలో బాత్రూమ్ లేదు.

అన్నీ మాట్లాడుకున్నాం. కాలేజీ సంగతి ఒక్కటే అడగలేదు. సాయంత్రం పారాపరౌము దగ్గర దిగి, మోటెల్లో సామాను పడేయగానే మా ఆయన ఫోను. "అడిగావా?"

"రేపు," అన్నాను.

మర్నాడంతా రెండు దీవుల మధ్య జలసంధి మీద మబ్బు దిగి ఉంది. మా అమ్మాయి గంటకోసారి వాతావరణం చూసి తల అడ్డంగా ఊపింది. ఆ రోజంతా మోటెల్లో ఎదురెదురు మంచాల మీద కూర్చున్నాం. అంతకంటే మంచి సమయం దొరకదు. అయినా నా నోరు పెగల్లేదు. ఫోనులో మళ్లీ "రేపు" అన్నాను. మా ఆయన గట్టిగా నిట్టూర్చారు.

ఆ తరవాతి రోజు లైఫ్‌జాకెట్లు కట్టుకుని సముద్రం దాటి బ్లెనమ్ దగ్గర దిగాం. అక్కడ మాకు ఒక ఆంటీ ఉన్నారు. నేను స్టూడెంటుగా ఆక్లాండ్ వచ్చిన కొత్తలో బోటనీ డౌన్స్‌లో వాళ్లింట్లో ఒక గదిలో అద్దెకుండేదాన్ని. అద్దె గదికే అయినా కంచం కూడా నాదే అన్నట్టు పెట్టేవారు. నాకు అమ్మాయి పుట్టినప్పుడు మా అమ్మకు వీసా రాలేదు. అప్పుడు ఆ పిల్లను కాళ్ల మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, నీళ్లు పోసింది ఆంటీయే. అందుకే మా అమ్మాయికి ఆవిడ అమ్మమ్మ. ఇప్పుడు కొడుకు దగ్గర బ్లెనమ్‌లో ఉంటున్నారు. అతనికి ద్రాక్షతోటల కంపెనీలో ఉద్యోగం.

ఆంటీ కూతురు క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటుంది. మేం దిగిన మూడో నాడు దానికి శ్రీమంతం. బ్లెనమ్ నుంచి క్రైస్ట్‌చర్చ్‌కి రోడ్డు సముద్రం అంచునే మెలికలు తిరుగుతూ పోతుంది. ఆంటీకి కారు మలుపు తిరిగితే వాంతి. పైగా మోకాలి ఆపరేషనయింది, అంతసేపు కాలు ముడుచుకుని కూర్చోలేరు. బయల్దేరే ముందే ఈ సంగతులన్నీ ఫోనులో చెప్పుకుంటుంటే, నేను ఊరుకోవచ్చు కదా.

"మాకు వెనక రెండు సీట్లు ఖాళీయే కదా ఆంటీ, మాతో వచ్చేయండి," అన్నాను.

కారులో ఖాళీ సీటుంటే దారిలో ఉన్నవాళ్లని ఎక్కించుకోకపోతే మనవాళ్లలో అది తప్పు కింద లెక్క. విమానమైనా నాకు సీటంటే సీటే. ఆ సాయంత్రం మా అమ్మాయికి చెబితే అది వెంటనే ఒప్పుకోలేదు. ఆవిడ బరువెంత, సామానెంత అని అడిగింది.

"అరవై ఉంటారు. ఒక సంచీ ఉంటుంది," అన్నాను.

ఆ అరవై ఎక్కణ్ణుంచి వచ్చిందంటే నా మర్యాదలోంచి వచ్చింది. మన దగ్గర పెద్దవాళ్ల వయసూ బరువూ ఎప్పుడూ తగ్గించే చెబుతాం, అల్లుళ్ల జీతాలు మాత్రం పెంచి చెబుతాం. ఆ అరవై పెట్టుకునే మా అమ్మాయి లెక్కలు వేసుకుంది. బ్లెనమ్‌లో దిగిన సాయంత్రం ఆ లెక్క ప్రకారమే ట్యాంకుల నిండా పెట్రోలు పోయించింది. ఆ రాత్రి ఆంటీ ఇంట్లో గుత్తివంకాయ కూరతో కడుపునిండా తిన్నాం. బయట వాన పడింది.

పొద్దున్నే ఎయిర్‌ఫీల్డ్‌కి వెళ్లాం. పచ్చిక రన్‌వే, ఇంకా తడిగా ఉంది. ఆంటీ కొడుకు, కోడలు కారులో బయల్దేరడానికి సిద్ధమై ఆవిడను దింపడానికి వచ్చారు. అతను డిక్కీ తెరిచాడు. చలిమిడి స్టీలు డబ్బా, అరిసెల డబ్బా, గాజుల పెట్టె, పట్టుచీరల సూట్‌కేసు, పళ్ల అట్టపెట్టె. ఇవన్నీ విమానంలోకే. చలిమిడి తల్లి చేతుల మీదుగా వెళ్లాలిట, కారులో తమ్ముడి చేతుల మీదుగా కాదుట.

మా అమ్మాయి ఒక్కటొక్కటే అక్కడి క్లబ్బు గదిలో ఉన్న త్రాసు మీద పెట్టింది. ఫోనులో అంకెలు వేసుకుంది. తరవాత ఆంటీ దగ్గరకొచ్చి, "అమ్మమ్మా, కొంచెం ఇక్కడ నుంచుంటారా?" అని త్రాసు చూపిస్తూ ఇంగ్లీషులోనే అడిగింది.

"ఓసి నీ! నా కాళ్ల మీద పడుకుని నీళ్లు పోయించుకున్నదానివి, నన్ను తూస్తావుటే!" అని ఆంటీ నవ్వారు. నవ్వారు గాని అడుగు ముందుకు వేయలేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. "ఊరుకోవే, పెద్దావిణ్ణి తూకం వేస్తావేంటి? అరవై అని చెప్పాను కదా."

"హూ టోల్డ్ యూ సిక్స్టీ?"

"ఎవరో చెప్పాలా? చూస్తే తెలియట్లా?"

చూస్తే తెలుస్తూనే ఉంది. అరవై కాదని ఆ గదిలో అందరికీ తెలుసు. మా అమ్మాయి ఆంటీ చెయ్యి పట్టుకుని మెల్లగా త్రాసెక్కించింది. ఎనభై నాలుగు. ఆంటీ కిందికి చూడకుండా గోడ మీద ఉన్న పాత విమానాల ఫొటోలు చూస్తూ నిలబడ్డారు.

"ముగ్గురం కుదరదు," అంది మా అమ్మాయి ఇంగ్లీషులో.

మా సామాను దింపేద్దామన్నాను. దింపినా ఎక్కువేనంది. అరిసెలు కారులో పంపిద్దామన్నాను. అయినా ఎక్కువేనంది. ట్యాంకులోంచి కొంచెం పెట్రోలు తీసేయరాదా అన్నాను. తీయడానికి మనుషులు రావాలి, అందుకు మధ్యాహ్నమవుతుంది, మధ్యాహ్నానికి అవతల క్రైస్ట్‌చర్చ్ వైపు పెద్ద గాలి లేస్తుందని చెప్పింది.

ఆంటీ కొడుకు మధ్యలోకి వచ్చాడు. "ఎంత ఎక్కువుంది? ఇరవయ్యా, ముప్పయ్యా? అంతే కదమ్మా. మా కారులో ఎనిమిదిమందిమి ఎక్కి హామిల్టన్ నుంచి ఆక్లాండ్ గుడికి వెళ్లాం తెలుసా?"

"అంకుల్, కారైతే మెల్లగా వెళుతుంది. ఇది తడి గడ్డి మీద లేవదు. లేచినా రన్‌వే చివరి కంచె దాటకపోవచ్చు," అంది. గొంతు పెంచలేదు. నవ్వనూ లేదు. "ఇద్దరమైతే డబ్బాలతో సహా వెళ్లొచ్చు. ఒకరు నేను. రెండో మనిషి ఎవరో మీరు తేల్చుకోండి." అని గుడ్డ తీసుకుని విమానం అద్దం తుడవడానికి వెళ్లిపోయింది.

దాని వీపు చూస్తూ నిలబడ్డాను. నాకు ఒళ్లు మండిపోయింది. దాని మీదా, ఆంటీ మీదా, ఆ పళ్ల పెట్టె మీదా. నేనైతే చచ్చినా ఆ మాట అనలేను. మీరు బరువెక్కువ, దిగండి అని ఒక పెద్దావిడతో అనడం కంటే కంచెకు గుద్దుకోవడమే నయమనుకునే రకాన్ని నేను. అప్పుడు తట్టింది, నేను నిజంగానే ఆ రకాన్నని. ఒళ్లు చల్లబడింది.

"నేను కారులోనే వస్తాలేమ్మా. వాంతులు నాకేం కొత్తా," అన్నారు ఆంటీ. అంటూనే కళ్లు తుడుచుకున్నారు.

ఆ రోజు మేం వెళ్లాల్సింది కైకోరా తీరం వెంబడి. ఒక పక్క మంచు కొండలు, ఒక పక్క సముద్రం, పైనుంచి తిమింగలాలు కనిపిస్తాయని మా అమ్మాయి చెప్పింది. పైగా ఆ పూట ఎలాగైనా కాలేజీ సంగతి అడిగేయాలని రాత్రే గట్టిగా అనుకున్నాను. ఆ సీటు వదులుకోవాలంటే నాకు ఏడుపొచ్చింది. అయినా ఇచ్చిన మాట నాది, చెప్పిన అరవై నాది.

"మీరెక్కండి ఆంటీ. నేను తమ్ముడి కారులో వస్తాను," అన్నాను.

మా అమ్మాయి ఆంటీని ముందు సీట్లో కూర్చోబెట్టి, సీటు వెనక్కి జరిపి, మోకాలు చాపుకోనిచ్చింది. నడుముకి బెల్టు కట్టింది. ఆ తరవాత తెలుగు మాట్లాడింది. నేను రెక్క కింద నిలబడి విన్నాను. తలుపు ఎలా తీయాలో, దిగాల్సొస్తే ఎటు దిగాలో, మాటలు వెతుక్కుంటూ, కొన్ని తప్పుగా, అన్నీ తెలుగులోనే చెప్పింది. ఆంటీకి ఇంగ్లీషు అంతగా రాదు కదా.

"భయమేస్తే చెప్పాలి అమ్మమ్మా. కడుపులో తిప్పితే చెప్పాలి. నేను ఏమనుకుంటానో అని ఆగొద్దు. ఏదైనా చెప్పాలి నాకు," అంది.

మొహమాటమనే మాట దానికి రాదు. ఆ మాట లేకుండానే చెప్పేసింది.

అది ఇంతకుముందు ఎన్నోసార్లు ఒంటరిగా ఎగిరింది. అప్పుడల్లా నేను డ్యూటీలో ఉండేదాన్ని. ఈ ప్రయాణంలోనేమో లోపల కూర్చుని నా బెల్టు నేను పట్టుకుని ఉండేదాన్ని. కంచె అవతల నిలబడి చూడటం అదే మొదటిసారి. విమానం పచ్చిక మీద చాలాదూరం ఎగుడుదిగుడుగా పరుగెత్తింది. చక్రాలు నేలను వదలడం కనిపించింది. చివరి కంచెకూ దానికీ మధ్య బోలెడంత ఆకాశం ఉంది. అది చూశాకే నేను ఊపిరి పీల్చుకున్నాను.

కారులో కైకోరా దాకా సముద్రం అంచునే వెళ్లాం. రాళ్ల మీద సీల్ జంతువులు పడుకుని ఉన్నాయి. మలుపు మలుపుకీ ఆంటీ ఇక్కడ ఎన్నిసార్లు కారాపించేవారో లెక్కపెట్టి నవ్వుకున్నాడు ఆవిడ కొడుకు. మేం క్రైస్ట్‌చర్చ్ చేరేసరికి ఆంటీ ఎప్పుడో దిగి, స్నానం చేసి, కూతురి ఇంట్లో గాజులు పరిచి, రంగు రంగు వేరు చేస్తూ కూర్చున్నారు. మా అమ్మాయి పక్కగదిలో నిద్రపోతోంది.

"ఒక్క వాంతి కాలేదే," అన్నారు ఆంటీ నన్ను చూడగానే. నేను పక్కన కూర్చుని పచ్చ గాజులు అందుకున్నాను. ఆవిడ గొంతు తగ్గించారు. "ఏవే, ఆ పిల్లని కాలేజీ మాట అడగలేదుటగా నువ్వు?"

"మీకెవరు చెప్పారు?"

"నేనే అడిగాను. పైకెళ్లాక సముద్రం తప్ప ఏం లేదు, మాటల్లో మాటగా మళ్లీ చదువెప్పుడే అన్నాను. వెళ్లాలని లేదు అమ్మమ్మా అంది. విమానాలే నడుపుతుందిట. మరి మీ అమ్మకి చెప్పు అన్నాను." ఆంటీ ఒక గాజు వెలుతురుకి పెట్టి చూశారు. "అమ్మ అడిగితే నేను నో అనలేను, వెళ్లిపోతాను. అందుకే అమ్మ అడక్కుండా ఉండాలని రోజూ అనుకుంటున్నా అంది. తెలుగులోనే చెప్పింది పాపం, వెతుక్కుని వెతుక్కుని."

నేను చాలాసేపు గాజులు వేరు చేశాను. పచ్చవి ఎర్రవాటిలో కలిపేశానని ఆంటీ కోప్పడ్డారు.

పొద్దున పెద్దావిణ్ణి త్రాసెక్కించిన పిల్ల. తండ్రి వయసువాడితో కుదరదన్న పిల్ల. అది ఒక్క నా మాటే కాదనలేదు. నువ్వడిగితే కాదనదు అని మా ఆయన ఎందుకు పంపించారో కూడా అప్పుడే అర్థమైంది. ఆయనకు ఆ సంగతి నాకంటే ముందే తెలుసు. అబద్ధమెందుకు, మా అమ్మాయి ఇంజనీరు అని పదిమందిలో చెప్పుకోవాలని నాకూ ఉంది. అడిగితే చాలు, అయిపోయేది.

మర్నాడు శ్రీమంతం బాగా జరిగింది. పెద్ద గాలి వచ్చి పెరట్లో వేసిన షామియానా ఒక పక్క పడిపోయింది గాని ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రం విమానానికి కట్టిన తాళ్లు ఎలా ఉన్నాయో చూసి రావాలని మా అమ్మాయి అంటే, ఇద్దరం విమానం దిగిన రంగియోరా ఎయిర్‌ఫీల్డ్‌కి వెళ్లాం. రెక్కల కింద తాళ్లు నేలలో పాతిన మేకులకు బిగించి ఉన్నాయి. అది వంగి ఒక్కో ముడీ లాగి చూస్తోంది. అది ఇంకా పట్టుచీరలోనే ఉంది, కుచ్చిళ్లు పైకి దోపుకుంది.

"కాలేజీకి వెళ్లమని నిన్ను అడగడానికే వచ్చాను ఈ ప్రయాణం. నాన్న పంపించారు," అన్నాను.

ముడి మీద దాని చేతులు ఆగిపోయాయి. తల ఎత్తలేదు.

"అడగడం లేదు," అన్నాను. "కాని నాన్నకి నువ్వు చెప్పాలి. నా వెనక దాక్కోకూడదు."

అది లేచి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఫోను తీసి అక్కడే, ఆ గాలిలోనే, వాళ్ల నాన్నకి చేసింది. కాలేజీలో చేరను డాడీ, మాటిచ్చాను నిజమే, ఇప్పుడు తప్పుతున్నాను, సారీ అని ఇంగ్లీషులో చెప్పింది. సారీ రెండోసారి చెప్పలేదు. అవతల ఆయన ఏవేవో అంటుంటే విని, "నో డాడీ," అంది. నేను నా జన్మలో ఏ పెద్దవాళ్లకీ ముఖం మీద అనని మాట అది. నా పక్కన నిలబడి అనేసింది. నాకు భయమేసింది, గర్వంగానూ ఉంది.

ఆయన ఫోను నాకివ్వమన్నారు.

"పక్కనే ఉండి ఏం చేస్తున్నావు? అడగమనే కదా పంపించాను. అసలు నువ్వు అడిగావా?"

"అడగలేదండీ," అన్నాను. "అడిగితే సరేనంటుంది. అందుకే అడగలేదు. ఇకముందూ అడగను."